పంతులమ్మను నిద్రపుచ్చిన ఆదివారం

వాచీలాయన మీద ఇంట్లోవాళ్ళకు ఉన్న ఫిర్యాదు ఆయన పని చెయ్యడని కాదు. చేస్తాడు. నిక్షేపంలా చేస్తాడు. కాకపోతే ఆ పనితో అవసరం పూర్తిగా తీరిపోయాక చేస్తాడు. గొడుగు కావాలంటే ఎండలు ముదిరాక తెస్తాడు. కూతురు పదో తరగతిలో అడిగిన టేబుల్ ల్యాంపు, ఆ పిల్ల డిగ్రీలో చేరాక పట్టుకొచ్చి, "చూశావా, నేనేదీ మర్చిపోను" అన్నాడు. బజారులో ఆయనకు గడియారాల కొట్టు ఉంది. ఊళ్ళో సగంమంది చేతులకు సరైన టైము కట్టి పంపేది ఆయనే. ఆ టైముతో ఆయనకున్న స్నేహం మాత్రం కొట్టు వరకే. షట్టరు దించగానే ఇద్దరూ చెరో దారిన వెళ్ళిపోతారు.

అలాంటి మనిషి ఒక ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు కింద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని ప్రకటించాడు.

"ఇవాళ బెడ్‌రూములో ఫ్యాను బాగుచేయించేస్తాను."

వంటింట్లోంచి వాళ్ళమ్మ గరిటెతో సహా బయటికొచ్చింది. "ఏ ఫ్యానూ? పెళ్ళయిన కొత్తలో నీ పెళ్ళాం బాగుచేయించమన్న ఫ్యానేనా?"

"అదే."

"ఒరేయ్, కోడలు ఊళ్ళోనే లేదు కదా, ఇప్పుడెందుకురా?"

"అందుకేనమ్మా! సర్‌ప్రైజ్! వచ్చే నెల తిరిగొస్తుంది, స్విచ్చి వేస్తుంది, చప్పుడుండదు. మొహం ఎలా వెలిగిపోతుందో చూడు!" అంటూ వాచీలాయన ముందుగా తన మొహం వెలిగించుకున్నాడు.

ఆ ఫ్యానుది మామూలు గొంతు కాదు. రెండుసార్లు టక్కుటక్కుమని, ఒక్క క్షణం ఏదో ఆలోచించుకుని, కిర్రుమనేది. మళ్ళీ టక్కుటక్కు, మళ్ళీ కిర్రు. వాచీలాయన భార్య హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. బయటా ఇంటా ఆవిడ పంతులమ్మే. ఆవిడ ప్రతి రాత్రీ ఆ ఫ్యాను కింద నడుం వాల్చి, "దీని గోలతో ఏదో ఒకరోజు నాకు పిచ్చెక్కుతుంది" అనేసి, వెంటనే నిద్రపోయేది. వాచీలాయనకు ఆ చప్పుడు వినపడేదే కాదు. పగలంతా కొట్టులో గోడల నిండా గడియారాలు టిక్కుటిక్కుమంటుంటే మధ్యలో కూర్చునే చెవులకు ఒక టక్కు ఎక్కువైనా ఒకటే, తక్కువైనా ఒకటే.

ఆ పంతులమ్మ ఇప్పుడు పరాయి దేశంలో ఉంది. పిల్లలకు లెక్కలంటే భయం లేకుండా చెప్పడమెలాగో నేర్పే ఏడాది చదువది. ఫీజు లేని సీటు వచ్చింది, స్కూలువాళ్ళు సెలవిచ్చారు, ఆవిడ నలభై దాటాక హాస్టలు గదిలో దిగింది. ఆ గదికి వంక పెట్టడానికి లేదు. తలుపు వేస్తే చప్పుడవదు. కిటికీకి రెండు పొరల అద్దం కావడంతో బయట బస్సు వెళితే టీవీలో సౌండు తీసేసినట్టు వెళ్ళిపోతుంది. కింద ఎంత మందం తివాచీ అంటే నడుస్తున్నది తానేనా అని ఆవిడకే అనుమానం వస్తుంది. స్నానం చేస్తుంటే తలుపు బాది "ఇంకా ఎంతసేపు?" అనేవాళ్ళు లేరు. ఆవిడ కాఫీలోంచి ఓ గుక్క తాగి "చల్లారిపోయిందే" అని పెదవి విరిచేవాళ్ళు లేరు. కత్తెర ఎక్కడ పెడితే అక్కడే ఉంటోంది. వెళ్ళిన కొత్తలో ఇదంతా స్వర్గంలా తోచింది. కొన్నాళ్ళకు ఆ స్వర్గంలో నిద్రపట్టడం మానేసింది.

అప్పుడు ఆవిడ ఒక ఉపాయం కనిపెట్టింది. అక్కడ పడుకునే వేళకు ఇక్కడ తెల్లవారి కాఫీలవుతుంటాయి. రోజూ ఆ వేళకు ఫోను చేసి, నాలుగు మాటలు మాట్లాడి, "కట్ చెయ్యకండి. అలా మంచం మీద పెట్టి వెళ్ళండి" అనేది. ఎందుకో చెప్పేది కాదు. ఇంట్లోవాళ్ళూ అడగలేదు, ఎందుకంటే ఎవరికి వాళ్ళకు కారణం తెలిసిపోయింది.

తన గొంతు వినకుండా భార్యకు నిద్రపట్టడంలేదని వాచీలాయనకు తెలిసిపోయింది. అందుకని ఆయన మంచం పక్కన కుర్చీ వేసుకుని టెండరు ప్రకటనలతో సహా పేపరంతా పైకి చదివి వినిపించేవాడు. తన వంటింటి మీద కోడలు నిఘా పెట్టిందని పెద్దావిడకు తెలిసిపోయింది. అందుకని ఆవిడ అటుగా వెళ్ళినప్పుడల్లా ఫోనువైపు తిరిగి, "స్టవ్ తుడిచేశానమ్మాయ్! పాలగిన్నె కూడా నేనే తోమాను!" అని కేకేసేది. తాను చదువుతోందో లేదో అమ్మ కనిపెడుతోందని కూతురికి తెలిసిపోయింది. అందుకని ఆ పిల్ల కాలేజీకి వెళ్ళేముందు ఫోను దగ్గరికొచ్చి లావుపాటి పుస్తకం ఒకటి తీసి ఫరఫరమని పేజీలు తిప్పిపోయేది.

ఆ ఆదివారం ఎలక్ట్రీషియన్ చెప్పిన వేళకే వచ్చాడు. ఆ ఇంట్లో జరగబోయే వింతల్లో అది మొదటిది.

అతను ఫ్యాను దించి, విప్పి, లోపలికి చూసి, "సార్, ఇది ఇన్నాళ్ళు తిరిగిందంటే మీమీద అభిమానంతోనే" అన్నాడు. బేరింగు మార్చాడు. నట్లు బిగించాడు. రెక్కలు సరిచేశాడు. పాత బేరింగును వీధిలో వెళుతున్న చెత్తబండిలోకి గురిచూసి విసిరాడు. ఫ్యాను మళ్ళీ ఎక్కించి స్విచ్చి వేశాడు.

ఏమీ వినపడలేదు.

"అమ్మా! వినపడుతోందా?" వాచీలాయన కేకేశాడు.

"ఏమిట్రా?"

"అదే! ఏమీ వినపడటంలేదు కదా!"

ఆయన ఆనందం పట్టలేక స్విచ్చి ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఏమీ వినలేదు. కూతుర్ని నిద్రలేపి తీసుకొచ్చి ఏమీ వినిపించలేదు. ఎలక్ట్రీషియన్ చేతులు కడుక్కుని వెళ్ళిపోయాక కూడా మంచం మీద వెల్లకిలా పడుకుని, తిరుగుతున్న రెక్కల్ని చూస్తూ నవ్వుకుంటుంటే ఫోను మోగింది.

"ఏమండీ," పంతులమ్మ గొంతు బొంగురుపోయి ఉంది. "రేపు ఆదివారమైనా పొద్దున్నే వైవా పెట్టారు. రెండు రాత్రుల్నించీ ప్రాజెక్టు పూర్తిచేస్తూ కంటిమీద కునుకు లేదు. ఇవాళ కూడా నిద్రపోకపోతే రేపు ప్రొఫెసర్ల ముందు నా పేరడిగినా చెప్పలేను. ఫెయిలయ్యానా, ఏడాది కష్టం నీళ్ళపాలు. ఎక్కువ మాట్లాడను. ఫోను మంచం మీద పెట్టేయండి, పడుకుంటాను."

"నువ్వేం బెంగపెట్టుకోకు, నేనున్నానుగా!" వాచీలాయన ఫోను దిండు మీద పెట్టి, పేపరు దులిపి, గొంతు సవరించుకున్నాడు. "ఇవాళ్టి ముఖ్యాంశాలు..."

"ఏమండీ, ఒక్క క్షణం ఆగండి."

"ఏం, ఆటల పేజీ నుంచి మొదలుపెట్టనా?"

"అది కాదు. ఫ్యాను వెయ్యలేదా?"

సర్‌ప్రైజ్ నాలుక చివరిదాకా వచ్చింది. వాచీలాయన కష్టపడి మింగాడు. "వేశానే! ఏం?"

"మరి వినపడదేం?"

"ఏం వినపడాలి?"

"అదేనండీ, ఆ టక్కుటక్కు. అది చెవిలో పడితేగానీ నాకు నిద్రరావడంలేదు. చెబితే నవ్వుతారని చెప్పలేదు. ఇన్ని నెలలూ ఫోను పెట్టి ఉంచమన్నది అందుకే కదా. మీరు పేపరు చదువుతుంటే మధ్యమధ్య సరిగా వినపడేది కాదు. అయినా ఓర్చుకున్నాను."

వాచీలాయన పైకి చూశాడు. ఫ్యాను ఏ పాపమూ ఎరగనట్టు చల్లగా తిరుగుతోంది.

"కరెంటు పోయింది," అన్నాడు.

అదే క్షణాన వంటింట్లో మిక్సీ గుర్రుమంది.

"కరెంటు లేకపోతే ఆ మిక్సీ ఏమిటండీ?"

"మిక్సీ కాదు. అమ్మ... ఏదో పాడుకుంటోంది."

"ఎవర్రా పాడుకుంటోంది?" అంది పెద్దావిడ గుమ్మంలోంచి, మిక్సీ ఆపి.

"బాగా పాడుతున్నారత్తయ్యా," అంది పంతులమ్మ నీరసంగా. "కరెంటు రాగానే ఫ్యాను వెయ్యండేం. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటాను."

వాచీలాయన ఫోను మీద దుప్పటి, దాని మీద దిండు, దాని మీద ఇంకో దిండు పెట్టి హాల్లోకి పరుగెత్తాడు. విషయం విని పెద్దావిడ సోఫాలో కూలబడింది. "అంటే నా వంటింటి గురించి కాదా ఆ ఫోను? ఇన్నాళ్ళూ రోజుకు రెండుసార్లు స్టవ్ తుడిచి చచ్చానే!"

"నా చదువు గురించి కూడా కాదన్నమాట," అంది కూతురు. ఆ పిల్ల మొహంలో బాధకంటే ఊరట ఎక్కువ కనపడింది.

"మీ సంగతులు తర్వాత! ఇప్పుడేం చేద్దాం?"

"నిజం చెప్పెయ్యరా."

"ఎలా చెప్పనమ్మా? ఇన్నేళ్ళు బాగుచేయించమంటే చేయించకుండా, వద్దనుకున్న రోజున చేయించానని తెలిస్తే, ఆ కోపానికి ఇక అసలు నిద్రపడుతుందా? రేపు వైవా!"

అది నిజమేనని ముగ్గురూ ఒప్పుకున్నారు. ఆ ఇంట్లో ముగ్గురూ ఒక మాట మీదికి రావడం ఆరోజు రెండో వింత.

మొదటి ఉపాయం కూతురిది. "నెట్‌లో దొరకని సౌండు లేదు నాన్నా, ఫ్యాను చప్పుడు పెద్ద విషయమా?" అని తన ఫోనులో వెతికి, దిండ్లు తీసి, తల్లి లైనులో ఉన్న ఫోను పక్కన పెట్టి నొక్కింది. ఫ్యానుకంటే ముందు ఒక మగగొంతు ఉరిమింది. "చెదలు పట్టని ప్లైవుడ్! తరతరాలకు తోడు!"

"ఎవరండీ ప్లైవుడ్ కొంటున్నది?" పంతులమ్మ ఉలిక్కిపడింది.

"పక్కింటివాళ్ళు. నువ్వు పడుకో."

రెండోది వాచీలాయన సొంత వృత్తిలోంచి వచ్చింది. హాల్లో గోడగడియారం ఊడదీసి తెచ్చి, ఫోనుకు ఆనించి పట్టుకున్నాడు. చప్పుళ్ళ సంగతి తనకొదిలెయ్యమన్నట్టు కూతురివైపు కన్నుగీటాడు కూడా.

"అది గడియారమండీ," అంది ఫోను. "టిక్కుమంటోంది. నాకు టక్కు కావాలి."

మూడోది పెద్దావిడది, ఉన్నవాటిలో అదే ఘనమైనది. ఆవిడ ఒక చేత్తో పళ్ళెం, ఒక చేత్తో గరిటె పట్టుకుని మంచానికి తలవైపు కూర్చుంది. పళ్ళెం మీద రెండుసార్లు టక్కుటక్కుమనిపించాలి. కాళ్ళవైపు పాత చెక్క బీరువా ఉంది, దాని తలుపు కొంచెం తెరిస్తే కిర్రుమంటుంది. అది కూతురి వంతు. వాచీలాయన మధ్యలో నిలబడి, గడియారాల మనిషి కాబట్టి, చెయ్యి ఊపుతూ తాళం వేశాడు.

టక్కుటక్కు. కిర్రు. టక్కుటక్కు. కిర్రు.

"హమ్మయ్య, కరెంటొచ్చింది," అంది పంతులమ్మ. ముగ్గురి మొహాలూ వెలిగాయి. కొంతసేపు అంతా సాఫీగా సాగింది. అంతలో పెద్దావిడ చెయ్యి మార్చుకుంది.

కిర్రు. టక్కుటక్కు. టక్కు.

"ఏమండీ, ఫ్యానుకేదో తేడా చేసినట్టుంది. కిర్రు ముందొచ్చేస్తోంది."

"నువ్వే ముందు తెరిచావే!" పెద్దావిడ గుసగుసగా మండిపడింది.

"నువ్వే ఒకటి ఎక్కువ కొట్టావు నానమ్మా!"

"నా వయసులో కొట్టి చూడు, తెలుస్తుంది!"

"అదిగో," అంది ఫోను బెంగగా, "ఇప్పుడసలు ఆగిపోయింది."

వాచీలాయన ఫోను మీద మళ్ళీ దిండ్లు పేర్చాడు. కూతురి ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్ళి ఎలక్ట్రీషియన్‌కు ఫోను చేశాడు. వీధి చివర ఇంకో పని మీద ఉన్న అతను టెస్టరు జేబులో పెట్టుకుని వచ్చాడు.

"ఏమైంది సార్? చప్పుడొస్తోందా?"

"రావడంలేదు. అదే గొడవ. మళ్ళీ చెడగొట్టు."

ఎలక్ట్రీషియన్ ఒకసారి ఆయన్నీ, ఒకసారి ఫ్యాన్నీ చూశాడు. "సార్, నేను చేసిన పనిలో లోపముంటే చెప్పండి, ఒప్పుకుంటాను. ఇలా అవమానించకండి."

"అవమానం కాదయ్యా! పాత బేరింగు వేసెయ్యి, చాలు."

"ఆ చెత్తబండి ఈపాటికి ఊరు దాటి ఉంటుంది."

"పోనీ ఎక్కడో ఓచోట వదులు చెయ్యి. రెండుసార్లు టక్కుటక్కు, ఒకసారి కిర్రు. అంతే."

"అలా కొలతలు చెబితే చెడిపోవు సార్. చెడిపోవాలంటే దానంతటదే చెడిపోవాలి," అంటూనే అతను స్టూలెక్కి, మనసొప్పక మనసొప్పక ఒక నట్టు వదులు చేశాడు. స్విచ్చి వేశారు. ఫ్యాను టక్కుటక్కుమనలేదు. కప్పుతో కుస్తీ పడుతున్నట్టు దడదడలాడింది. పైనుంచి సున్నం పెచ్చులు రాలి వాచీలాయన నెత్తిన పడ్డాయి.

"ఆపు! ఆపు! ఊడి పడుతుంది!"

"మీరే కదా సార్ చెడగొట్టమన్నారు!"

"ఇంత చెడగొట్టమన్నానా?"

"కొంచెం చెడగొట్టడం, ఎక్కువ చెడగొట్టడం నాకు రాదు సార్! బాగుచెయ్యడం ఒక్కటే వచ్చు!"

"ఒరేయ్, మంచం మీద సున్నమంతా పోశావు కదరా!" పెద్దావిడ పళ్ళెం నేలకేసి కొట్టింది.

అప్పుడే వీధి తలుపు దబదబ మోగింది. కింది ఫ్లాటు ప్లీడరు లుంగీలో, భుజాన తువ్వాలుతో దూసుకొచ్చాడు. "ఏమిటండీ ఇది? మా ఇంట్లో లైటు ఉయ్యాల ఊగుతోంది! ఆదివారం పూట మనిషి కళ్ళు మూసుకోవడానికి లేదా? పైనుంచి మీ కుండీల నీళ్ళు మా బట్టల మీద పడుతుంటే ఊరుకున్నాను. ఇవాళ కప్పే పడేలా ఉంది!"

"కుండీల నీళ్ళు మావి కావు, పైవాళ్ళవి!" వాచీలాయన అరిచాడు.

"పైన డాబా, డాబా మీద ఆకాశం! అక్కడ కుండీలెవరు పెడతారు?"

"నా పనికి ఇంతవరకూ ఎవరి దగ్గరా మాట పడలేదు!" ఎలక్ట్రీషియన్ స్టూలు మీంచే అరిచాడు.

"నాన్నా, కుక్కరు విజిల్ వేస్తోంది!"

"వెయ్యనీ! దాన్నీ వచ్చి అరవమను!" అంది పెద్దావిడ. "చెప్పిన రోజున ఒక్క పని చెయ్యడు, చెయ్యద్దన్న రోజున ఊరంతా పోగేస్తాడు! వీళ్ళ నాన్నా ఇంతే!"

"మధ్యలో నాన్ననెందుకు లాగుతావమ్మా?"

అందరూ ఒకేసారి అరుస్తున్నారు. ఎవరి మాట ఎవరికీ వినపడటంలేదు. ఊపిరి తీసుకోవడానికి అందరూ ఒక్కసారే ఆగారు. ఆ ఒక్క క్షణంలో మంచం మీంచి సన్నగా, నిలకడగా ఒక చప్పుడు వినపడింది.

గుర్ర్ర్... గుర్ర్ర్...

"మళ్ళీ మిక్సీనా?" అన్నాడు ప్లీడరు.

కూతురు దిండ్లు తీసి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. ఆ పిల్ల కళ్ళు గుండ్రంగా అయ్యాయి. "అమ్మ! గురకపెడుతోంది!"

వాచీలాయన రెండు చేతులూ ఎత్తాడు. అందరూ నిశ్శబ్దంగా, మునివేళ్ళ మీద నిలబడి, నోళ్ళు మూసుకుని విన్నారు. గురక ఒకసారి తడబడింది. ఆగింది. "ఊఁ... ఏమైంది...?" అని నిద్రలోంచి మూలిగింది పంతులమ్మ. "ఎవరూ... లేరా...?"

"అరవండి!" కూతురు గుసగుసలాడింది. "నాన్నా, అరవండి! అమ్మకు కావలసింది ఫ్యాను కాదు!"

వాచీలాయన తడుముకోకుండా ప్లీడరు మీదికి తిరిగాడు. "ఆ కుండీలు మావి కావని ఎన్నిసార్లు చెప్పాలయ్యా!"

"మీవే! రుజువు చేస్తాను!" ప్లీడరుకు సంగతి ఇంకా అర్థం కాలేదు గానీ, వాదనకు పిలిస్తే వెనకాడే మనిషి కాదు.

గుర్ర్ర్... గుర్ర్ర్... అంది ఫోను, ఎంతో హాయిగా.

ఎలక్ట్రీషియన్ మాత్రం నట్టు మళ్ళీ బిగించి, స్విచ్చి ఆపి, సంచి భుజాన వేసుకున్నాడు. "నేను వెళ్ళొస్తా సార్. వీధి చివర ఒక ఫ్యాను ఉంది. పాపం, దాన్ని మామూలుగా బాగుచెయ్యమన్నారు."

గొడవ ఆపకుండా నడపడం ఎంత కష్టమో ఆ ఇంట్లోవాళ్ళకు ఆరోజే తెలిసింది. రోజూ అడక్కుండానే, ఆగమన్నా ఆగకుండా వచ్చిపడే తగవులు, కావాలని పిలిస్తే ఒక్కటీ పలకదు. మంచం మీద తడి తువ్వాలు వేసేదెవరన్న దాని మీద కొంతసేపు నడిచింది. దీపాలు ఆర్పకుండా తిరిగేదెవరన్న దాని మీద ఇంకొంతసేపు. కుక్కరు మాడింది, దాని మీద ధారాళంగా నడిచింది. ఇద్దరు వాదిస్తుంటే ఇద్దరు అన్నం తినొచ్చేవారు. ప్లీడరుకు విషయం చెప్పగానే ఆయన ఉత్సాహం రెట్టింపయింది. కిందికెళ్ళి లుంగీ మార్చి ప్యాంటు వేసుకుని మరీ వచ్చాడు. "ఏ పక్షాన కావాలంటే ఆ పక్షాన వాదిస్తాను. మొహమాటం లేదు" అన్నాడు. కుండీలు వాచీలాయనవేనని నిరూపించి, వెంటనే అవతలికి తిరిగి, కావని కూడా నిరూపించాడు.

మధ్యాహ్నం వాలేసరికి సరుకు అయిపోయింది. గొంతులు జీరబోయాయి. అన్నిటికంటే ప్రమాదం, ఒకరితో ఒకరు ఏకీభవించడం మొదలుపెట్టారు.

"నువ్వన్నదీ నిజమేలేరా," అంది పెద్దావిడ.

"లేదమ్మా, నాదీ కొంత పొరపాటుంది," అన్నాడు వాచీలాయన.

ఫోనులో గురక పల్చబడింది.

"ఇలాగైతే కేసు కొట్టేస్తారు!" ప్లీడరు కంగారుగా కుర్చీ లాక్కున్నాడు. "ఉండండి, నేను సాక్షుల్ని ప్రశ్నిస్తాను. పెద్దమ్మగారూ, ఇలా కూర్చోండి. మీ కోడలు పైచదువుకు పరాయి దేశం వెళతానంటే మీరు అభ్యంతరం చెప్పిన మాట వాస్తవమా, కాదా?"

"ఎవరు?"

"మీరు."

"నేనా? ఎప్పుడు?"

"అది మీరే చెప్పాలి. 'ఈ వయసులో ఆడదానికి చదువేమిటి' అని అన్నం మానేశారట కదా?"

"అన్నం మానెయ్యడమా! నేనా!" పెద్దావిడకు జీరబోయిన గొంతు ఒక్కసారిగా తిరిగొచ్చింది. "ఎవరా మాటన్నది?"

"మీ అబ్బాయే. మెట్ల మీద నిలబడి నాతో అన్నాడు. 'నాకేం అభ్యంతరం లేదండీ, అమ్మే ఒప్పుకోవడంలేదు' అని."

"ఆ తడి తువ్వాలు సంగతి ఇంకా తేలలేదు..." వాచీలాయన గబగబా అన్నాడు.

"తువ్వాలు అవతల పెట్టు! నా పేరు చెప్పావట్రా?"

"నాతోనూ అలాగే చెప్పారు నాన్న," అంది కూతురు. "అమ్మతో కూడా. 'మీ అత్తయ్య దగ్గర ఆ మాట ఎత్తకు, బీపీ పెరుగుతుంది. నెమ్మదిగా మంచి చేసుకో' అన్నారు. అందుకే కదా నానమ్మా, అమ్మ రోజూ నీ కాళ్ళు పట్టింది!"

పెద్దావిడ తన కాళ్ళవైపు చూసుకుంది. "అందుకా? అయ్యో రామా! రోజూ కాళ్ళు పడుతోంది, అడక్కుండానే టీవీ రిమోటు చేతికిస్తోంది, నా దిండు గలీబు ఉతికి ఇస్త్రీ కూడా చేస్తోంది. నా గాజుల మీద మనసుపడింది కాబోలు, నోరు విడిచి అడగలేకపోతోంది అనుకున్నానే! పాపం ఇచ్చేద్దామని బీరువా తాళం కూడా తీశాను! ఇంతలో వచ్చి 'అత్తయ్యా, చదువుకోవడానికి వెళ్తున్నాను' అంది. 'హాయిగా వెళ్ళిరా అమ్మా' అని తాళం వేసేశాను. గాజులు దక్కాయని ఎంత సంబరపడ్డానో!"

గదిలో నిశ్శబ్దం అలుముకుంది. ఈసారి దాన్ని ఆపాలని ఎవరికీ గుర్తురాలేదు.

"అత్తయ్యా," అంది ఫోను, స్పష్టంగా, చలాకీగా. "ఆ గాజుల మాట ఇంకోసారి చెప్పండి."

వాచీలాయన మంచం మీదికి దూకాడు. "నువ్వు... నిద్రపోలేదా?"

"బ్రహ్మాండంగా పోయాను. ఇక్కడికొచ్చాక ఇలాంటి నిద్ర ఎరగను. ఇక్కడ తెల్లవారింది. నేను లేచి, మొహం కూడా కడుక్కున్నాను. ప్లీడరుగారు సాక్షిని పిలిచినప్పటి నుంచీ వింటున్నాను."

"వైవాకు ఆలస్యమవుతుందేమో, నువ్వు తయారవు. ఇవన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం."

"తల దువ్వుకుంటూ వినగలను. చెప్పండి. అన్నన్ని రోజులు నేను అత్తయ్య మనసు మార్చడానికి తంటాలుపడ్డాను. మారాల్సిన మనసు ఎవరిది?"

వాచీలాయన సాయం కోసం చుట్టూ చూశాడు. తల్లి గాజులు సవరించుకుంటోంది. కూతురు పైకి, ఫ్యానువైపు చూస్తోంది.

"అంటే... ఆ రోజుల్లో ఏదో చిన్న పొరపాటు జరిగింది," అన్నాడు.

"జరిగిందంటే చెల్లదు," అన్నాడు ప్లీడరు. "ఎవరు చేశారో రావాలి."

"అది కాదు. నువ్వు ఏడాదిపాటు ఉండవంటే నాకు కాళ్ళు చల్లబడ్డాయి. వద్దని నేనంటే చిన్నతనంగా ఉంటుంది. పెళ్ళాం లేకపోతే ఉండలేడని నవ్వుతారు. అమ్మ అంటే... అమ్మలు అంటారు కదా అని..."

"అమ్మలు అంటారా?" అంది పెద్దావిడ, చుట్టూ గరిటె కోసం వెతుకుతూ.

"అనరు! మా అమ్మ అనలేదు!" వాచీలాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "తప్పు నాది. వద్దనుకున్నది నేను. అమ్మ పేరు చెప్పింది నేను. తప్పు నాదే."

"కొంచెం గట్టిగా చెప్పండి, ఇక్కడ దువ్వెన చప్పుడు."

"తప్పు నాదే!" అని వాచీలాయన అరిచిన అరుపుకు కింది వీధిలో వెళ్ళేవాళ్ళు తలెత్తి చూశారు.

పంతులమ్మ ఆరోజు వైవా దివ్యంగా నెగ్గింది. పెద్దావిడ చుట్టాలందరికీ ఫోనుచేసి ఆ శుభవార్త కూడా చెప్పింది, కొడుకు తప్పొప్పుకున్న వార్త తర్వాత, రెండోదిగా.